అమ్మ వీణకు నాపరాయి కాలు

పెనుకొండ దగ్గర ధాబాలో రోటీలు తిని, టీ తాగి, ఆఫీసు నుంచి వచ్చిన రెండు మెసేజ్‌లకు జవాబిచ్చి కారు దగ్గరికొచ్చేసరికి గంటంబావు అయింది. ఏప్రిల్ నెలాఖరు, మధ్యాహ్నం రెండు. వెనక సీట్లు మడిచి, దుప్పట్లు పరిచి పడుకోబెట్టిన వీణ మీద చెయ్యి వేశాను. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా కాలిపోతోంది. దుప్పటి తీసి చూస్తే ఇరవై నాలుగు మెట్లలో పది దాకా పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. ఒకటైతే మైనంలోకి సగం కుంగిపోయింది.

ఆ వీణ నాది కాదు, మా అమ్మది. సరిగ్గా చెప్పాలంటే సగం మా అమ్మది, సగం మా పెద్దమ్మది. "కొలతలు తీసుకుని తెచ్చిస్తా మా, దాని మీద ఒక్క గీత కూడా పడదు" అని ఆ పొద్దునే తాడిపత్రిలో అమ్మకు మాటిచ్చి బయలుదేరాను.

వీణ గురించి తెలియని వాళ్లకు ఒక ముక్క. గిటార్‌కు ఉన్నట్టు వీణకు మెట్లు చెక్కలోకి దిగ్గొట్టి ఉండవు. దండి పొడవునా రెండు మైనం గట్లు పోసి, వాటి మీద ఒక్కో మెట్టునీ శ్రుతి చూసుకుంటూ కూర్చోబెడతారు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్ద అది. ఈ పనినే మేళం కట్టడం అంటారు. మైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి గానీ, మెత్తబడటానికి అంత అక్కర్లేదు. అనంతపురం ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివాను. థర్మోడైనమిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. ఏం లాభం.

మా తాత గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. ఇద్దరు కూతుళ్లు. 1982లో రైల్వే పాసు మీద బొబ్బిలి దాకా పోయి, పక్కనున్న గొల్లపల్లిలో ఈ వీణ చేయించి తెచ్చాడు. బొబ్బిలి వీణకు పేరు తెచ్చింది దాని ఏకాండి పని. కుండ, దండి, మెడ అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, మధ్యలో అతుకు ఉండదు. సర్వసిద్ధి వంశం వాళ్లు తరతరాలుగా చేస్తున్న పని అది. ఇప్పుడు దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రెండు వీణలు కొనే స్తోమత తాతకు లేదు. అందుకని పొద్దున పెద్దమ్మ, సాయంత్రం అమ్మ. పెళ్లిళ్లయ్యాక పెద్దమ్మ ప్రొద్దుటూరు పోయింది, వీణ అమ్మతో తాడిపత్రి వచ్చింది. ఏటా దసరాకు పెద్దమ్మ మా ఇంటికొచ్చి పది రోజులుండి "నా వాటా" అంటూ తెల్లవారుజామున వాయించేది. చిన్నప్పుడు నాకు దసరా అంటే సెలవులు కాదు, ఐదింటికే నిద్ర పాడయ్యే పండగ.

మూడేళ్ల కింద అమ్మకు రెండు మోకాళ్లూ మార్చారు. నేల మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. వీణేమో బాసింపట్టు వేసుకుని వాయించేది. కుండ కుడిపక్క నేల మీద ఆనుతుంది, ఎడంవైపు బుర్ర తొడ మీద కూర్చుంటుంది. దాంతో వీణ పాత చీరలో చుట్టుకుని అటకెక్కింది. పోయినేడు పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పనిచేయదు, మాట ముద్దగా వస్తుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ రోజూ సాయంత్రం ఏడింటికి వాట్సాప్ కాల్ చేసుకుంటారు. ఒకరోజు నేను ఇంట్లో ఉన్నప్పుడు విన్నాను.

"పాపా, ఒగసారి వీణ వినిపించవే."

"యాడ కూర్చోవాలక్కా, ఈ మోకాళ్లతో?"

ఆ రాత్రి నాయనతో అటక మీంచి వీణ దింపించి, మంచం మీద కాళ్లు చాపుకుని అమ్మ ప్రయత్నించింది. రెండు నిమిషాలు. ఫోన్లో పెద్దమ్మకు గొరగొరమనే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదట. అది వీణ తప్పు కాదు. కాల్ యాప్‌లు మనిషి మాటనే ఉంచి, ఆగకుండా సాగే మోతను ఫ్యాన్ చప్పుడు అనుకుని కత్తిరించేస్తాయి. వీణ నాదాన్ని మించి సాగే మోత ఏముంటుంది?

అదే వారంలో కల్యాణమండపం కట్టిస్తున్న ఒకాయన వచ్చాడు. ముందు హాల్లో అద్దాల పెట్టెలో పెట్టుకోవడానికి పాత వీణ కావాలట. మంచి రేటే చెప్పాడు. అమ్మ వెంటనే వద్దనలేదు. "ఆలోచించి చెప్తాం" అంది. అప్పుడు నాకు భయమేసింది.

నిజానికి ఆలోచన వీణ దగ్గర మొదలుకాలేదు. మా టీమ్‌లో ఒక మలయాళీ అబ్బాయి ఉన్నాడు, శనివారాలు బ్యాండ్‌లో బాస్ వాయిస్తాడు. డబుల్ బాస్ మీకు తెలిసే ఉంటుంది. పాత సినిమా పాటల రికార్డింగ్ ఫొటోల్లో మూలన నిలబడి, మనిషికంటే ఎత్తుగా వయొలిన్‌కు ముత్తాతలా కనిపించేది. దాని పొట్టంతా కోసేసి వెన్నెముక మాత్రం మిగిల్చితే ఎలా ఉంటుందో, అదే ఎలక్ట్రిక్ అప్‌రైట్ బాస్. పొట్ట లేదు కాబట్టి దానంతట అది పెద్దగా మోగదు. పికప్ కావాలి. పొట్ట లేదు కాబట్టి దానంతట అది నిలబడదు. స్టాండు కావాలి. మావాడు కంపెనీ ఇచ్చిన స్టాండు ఊగుతోందని తీసిపారేసి, పీన్యాలో ఇనుప పైపులతో కొత్తది చేయించుకున్నాడు. పికప్‌లు కూడా తనే మార్చాడు. తీగల కింద ఒక అయస్కాంతపు పికప్, బ్రిడ్జి కింద ఒక పీజో. నాకు వింతగా అనిపించింది వేరే. ఆ కర్రకు ఒక పక్కన పక్కటెముకలా వంచిన చిన్న కడ్డీ ఉంది. దాన్ని పొట్టకు ఆనించుకుని వాయిస్తున్నాడు.

"ఇదెందుకు?" అన్నాను.

"ఒంటికి తగలకపోతే చెయ్యి ఎక్కడుందో తెలీదు" అన్నాడు. అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే రెండు వారాలు, నాలుగు వేల రూపాయలు మిగిలేవి.

ఆ రాత్రి ఈ వాయిద్యం కథంతా చదువుతూ కూర్చున్నాను. అమెరికాలో 1940లలో ఎవరెట్ హల్ అనే బాస్ వాద్యగాడు, డబుల్ బాస్ నేల మీద ఆనే కడ్డీ లోపలే మైకు అమర్చాడు. పెగ్‌కు యాంప్లిఫయర్ పెట్టాడు కాబట్టి దానికి ఆంపెగ్ అని పేరు. తర్వాత గిటార్ వాళ్లందరికీ తెలిసిన కంపెనీ పేరైంది అదే. నిలబెట్టే కాలులోనే వినే చెవి. చదవగానే వీణ గుర్తొచ్చింది. వీణకు నాలుగో తీగ అనుమంద్రం, అమ్మ శ్రుతిలో దాదాపు 62 హెర్ట్జ్. డబుల్ బాస్ కింది నుంచి రెండో తీగ 55, మూడోది 73. అంటే మన అనుమంద్రం ఆ రెంటి మధ్యలో కూర్చుంటుంది. బాస్ వాళ్లు ఎనభై ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్న సమస్య, అమ్మ సమస్య ఒకటే. లోతైన శబ్దాన్ని పోనివ్వకుండా పట్టుకోవాలి, బరువైన దాన్ని కదలకుండా నిలబెట్టాలి.

బెంగళూరులోనే రాడెల్ వాళ్ల ఎలక్ట్రానిక్ వీణ దొరుకుతుంది. కొనిస్తానన్నాను. "బాగుంటాదేమో. కానీ అక్క అడిగింది మన వీణ కదా" అంది అమ్మ. తర్వాత షరతులు చెప్పింది. మొల కొట్టకూడదు, రంధ్రం వేయకూడదు, జిగురు పూయకూడదు.

"అయితే ఇంకేం చేయమంటావు మా?"

"ఏమీ చెయ్యొద్దు అనే చెప్తాండా."

ఒప్పించింది పెద్దమ్మ. కాల్‌లోనే ఆగి ఆగి, ముద్దమాటల్లో అంది: "వీణలో సగం నాది. నా సగానికి నేను ఒప్పుకుంటాండా." తర్వాత పాలకొల్లు పిల్లోడి సంగతి ఎత్తింది. పెద్దమ్మకు మాండొలిన్ శ్రీనివాస్ ఇప్పటికీ పాలకొల్లు పిల్లోడే. 1969లో పుట్టిన ఆయన పదేళ్లు దాటీదాటక ముందే కచేరీలు మొదలుపెట్టారు. మాండొలిన్‌కు మామూలుగా జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన నాదం టక్కున చచ్చిపోతుంది, గమకం సాగదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు కట్టుకున్నారు. కర్ణాటక సంగీతంలో కరెంటు వాయిద్యమా అని మొదట్లో మూతి విరిచిన వాళ్లున్నారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేళ్లకే పోయారు. "మీ తాత రేడియోలో విని ఏమన్నాడో గుర్తుండాదా పాపా?" అంది పెద్దమ్మ. తాత ఏమన్నాడో ఇద్దరూ నాకు చెప్పలేదు, వాళ్లలో వాళ్లే నవ్వుకున్నారు.

ఆ మాటకొస్తే, అమ్మ తాకొద్దంటున్న ఈ వీణ కూడా ఒకప్పుడు ఎవరో మార్చినదే. ఇరవై నాలుగు మెట్లు కదలకుండా నిలిపి, అన్ని రాగాలూ ఒకే వీణ మీద పలికేలా చేసింది 17వ శతాబ్దంలో తంజావూరు నేలిన రఘునాథ నాయకుడి కాలంలో అని చెబుతారు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు. అంతకుముందు మెట్లు జరుపుకుంటూ వాయించేవారు. అప్పుడూ ఎవరో ఒక అమ్మ "వద్దురా" అనే ఉంటుంది.

సరే, పెనుకొండకు వద్దాం.

పదకొండు రోజులు అమ్మకు చెప్పలేదు. "పని నడుస్తాంది మా" అన్నాను. సొంతంగా సరిచేయగలనేమో అని మొదటి రెండు రోజులు చూశాను. మెట్ల మధ్య దూరాలకు లెక్క ఉంది. తీగ పొడవును ఒక్కో మెట్టుకూ 1.0595తో భాగించుకుంటూ పోవాలి. ఎక్సెల్ షీట్ తయారుచేసి, స్కేలుతో కొలిచి, హెయిర్ డ్రయ్యర్‌తో మైనం మెత్తబరిచి మూడు మెట్లు పెట్టాను. స్కేలు ప్రకారం పర్ఫెక్ట్. మీటితే అపస్వరం.

చివరికి బసవనగుడి వైపు వీణలు బాగుచేసే ఒక పెద్దాయన దొరికారు. డెబ్బై దాటి ఉంటాయి. దుప్పటి విప్పగానే నా వైపు చూసి "ఎండలో పెట్టావా?" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఉన్న మైనమంతా గీకేసి, కొత్తగా కాచి, రెండు రోజులు కూర్చుని మేళం కట్టారు. నేను ఫోన్లో ట్యూనర్ యాప్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆయన మెట్టు పెట్టి, మీటి, వెంట్రుకవాసి వెనక్కి జరిపి మళ్లీ మీటేవారు. యాప్‌లో ముల్లు సరిగ్గా మధ్యకొచ్చేది. నా ఎక్సెల్ చూపించాను. కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. "లెక్క సరే. నువ్వు వేలు నొక్కితే తీగ సాగుతుంది కదా, అది ఇందులో ఎక్కడుంది?" అన్నారు. లేదు. తీగ మెట్టు కంటే ఎంత ఎత్తులో ఉంటే, నొక్కినప్పుడు అంత బిగుస్తుంది, శ్రుతి అంత పైకి పోతుంది. మెట్టు మెట్టుకూ ఆ ఎత్తు వేరు. నా ఫార్ములాలో తీగ ఉంది, వేలు లేదు.

పన్నెండో రోజు అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "నా మోకాలు కోసేటప్పుడు గూడా నేనింత భయపడలేదురా." ఫోన్ పెట్టేసింది. ఐదు నిమిషాలకు మళ్లీ తనే చేసింది. "మైనంలో బొగ్గు బాగా కలిపినాడా ఆయన? సరే, రాత్రిపూట బయలుదేరి రా."

పికప్ సంగతి. మ్యూజికల్ గ్రీటింగ్ కార్డుల్లో కీచుకీచుమనే గుండ్రటి ఇత్తడి బిళ్ల చూశారా? అదే పీజో. కరెంటిస్తే వణుకుతుంది. తిరగేసి వాడితే, వణికిస్తే కరెంటిస్తుంది. ఎస్.పి. రోడ్డులో 27 మిల్లీమీటర్ల బిళ్లలు పది కొన్నాను, మొత్తం కలిపి ఒక కాఫీ ఖర్చు. దాన్ని వీణకు పెట్టి, వైరు నేరుగా పాత మిక్సర్‌లో గుచ్చితే రేకు డబ్బా మోగినట్టు వచ్చింది. పై స్వరాలు కీచుమంటున్నాయి, అనుమంద్రం ఆచూకీ లేదు.

ఎందుకో మా ఊరి వాళ్లకు చెప్పడం తేలిక. బోరులో నీళ్లు సన్నగా ఊరుతున్నాయనుకోండి. దానికి పది హెచ్‌పీ మోటారు పెడితే ఏమవుతుంది? ఒక్కసారి లాగేసి తర్వాత గాలి తన్నుతుంది. పీజో అలాంటి సన్నటి ఊట. మామూలు మిక్సర్ పెద్ద మోటారు. ఆ బిళ్ల కెపాసిటెన్స్ 20 నానోఫారడ్‌లు, మిక్సర్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు అనుకుంటే, దాదాపు 800 హెర్ట్జ్‌కు కింద ఉన్నదంతా కరిగిపోతూ వస్తుంది. అమ్మకు కావల్సింది 62. మధ్యలో చిన్న మోటారు పెట్టాలి, అంటే ఊరినంతే మెల్లగా తోడేది. టీఎల్ 072 అనే చిప్, పది మెగా ఓమ్‌ల రెసిస్టర్, తొమ్మిది వోల్టుల బ్యాటరీ. అగ్గిపెట్టెంత బోర్డు. సాల్డరింగ్ చేసి మళ్లీ తగిలించాను. అనుమంద్రం మీటితే నా గది కిటికీ అద్దం సన్నగా అదిరింది. రాత్రి ఒంటిగంట. పక్క ఫ్లాట్ వాళ్లు గోడ మీద కొట్టారు. నాకు చప్పట్లు కొట్టినట్టే అనిపించింది.

బిళ్లను వీణకు ఎలా అంటించాలి అన్నది ఇంకో సమస్య. జిగురు కూడదు, స్క్రూ కూడదు. జవాబు పెద్దాయన డబ్బాలో మిగిలిన మైనమే. చిన్న ఉండ చేసి, బిళ్ల వెనక నొక్కి, గుర్రం పక్కన పైపలక మీద అదిమితే చాలు. గోటితో తీస్తే ఊడొస్తుంది, మచ్చ ఉండదు. గుర్రం మీదుండే ఇత్తడి రేకుకే అంటించి చూశాను గానీ గొంతు మరీ పదునుగా వచ్చింది. వేలెడు దూరం జరిపి చెక్క మీద పెట్టాక పనస పలికింది. నా కొంప ముంచిన మైనమే నాకు పనికొచ్చింది.

స్టాండు తాడిపత్రిలోనే చేయించాలని ముందే అనుకున్నాను. మొదటిది నా డిజైన్. కీబోర్డు స్టాండులా రెండు ఊయలలు, ఒకటి కుండ కింద, ఒకటి అటు చివర బుర్ర కింద. వెల్డింగ్ షాపతను చక్కగా చేసిచ్చాడు, రంగు కూడా వేశాడు. అమ్మ కుర్చీలో కూర్చుంది. మోకాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. వీణ ఎదురుగా బల్ల మీద భోజనంలా ఉంది. ఒక్క నిమిషం వాయించి ఆపేసింది.

"ఏమైంది మా? నొప్పా?"

"నొప్పేం లేదు. చేతికి వినపడతాంది గానీ, తొడకు వినపడలేదురా."

మలయాళీ అబ్బాయి పక్కటెముక కడ్డీ అప్పుడు గుర్తొచ్చింది. నలభై ఏళ్లుగా అమ్మ వీణను చెవితో ఎంత విన్నదో, బుర్ర ఆనిన ఎడమ తొడతో అంత విన్నది. నేను ఆ చెవి కోసేశాను. తలకాయ ఊపి, స్టాండును సగానికి కోయించాను.

రెండోదానికి ఒకటే కాలు, కుండ కింద మాత్రమే. బుర్ర ఎప్పట్లాగే అమ్మ తొడ మీద, నేల మీద కాకుండా కుర్చీలో. కానీ ఒంటి కాలు పడిపోకుండా ఉండాలంటే అడుగున బరువుండాలి. బరువు కోసం మా ఊళ్లో వెతుక్కోవాలా? నాయన పనిచేసేది బండల పాలిష్ ఫ్యాక్టరీలో. అడుగున్నర చదరం, అంగుళం మందం నల్ల నాపరాయి కోయించుకొచ్చాడు. నేను లెక్కేస్తే పద్నాలుగు కిలోలొచ్చింది. తూకం వేస్తే ఇంచుమించు అంతే. (ఈసారి లెక్క తప్పలేదు, రాసిపెట్టుకోండి.) మధ్యలో బొక్కలు వేసి, ఇనుప పళ్లెం బిగించి, దాని మీద పైపు. ఎత్తు పెంచడానికి, దించడానికి పాత సైకిలు సీటు గొట్టం, దాని బిగింపు. రాయికి నాయన నాలుగంచులూ గుండ్రంగా తీయించి అద్దంలా పాలిష్ పట్టించాడు.

"కుర్చీ పక్కన కింద ఉంటాది నాయనా, ఎవరు చూస్తారు?" అన్నాను.

"నేను చూస్తా" అన్నాడు.

పైన కుండ కూర్చునే చోటికి నేను త్రీడీ ప్రింట్ చేసిన ప్లాస్టిక్ గిన్నె తెచ్చాను. అమ్మ దాన్ని ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టింది. లోపలికి పోయి, పాత చీర పేలికలు మెలేసి చుట్టకుదురు చేసుకొచ్చింది. నీళ్ల కుండ కింద పెట్టేది ఉంటుంది కదా, అదే. "కుండకు కుదురే కావాల" అంది. అచ్చం సరిపోయింది.

పీజోతో ఒక చిక్కుంది. అది గాలిలో శబ్దం వినదు, తాకిన దాని వణుకు వింటుంది. అందుకని వీణతో పాటు ఇల్లంతా వినిపించింది. నాయన నడిస్తే దబ్ దబ్. ఫ్యాన్ గురగుర. మా వీధిలో బండల లారీ పోతే, అమ్మ చెయ్యి వేయకుండానే అనుమంద్రం మోగినట్టు స్పీకర్ ఉరిమేది. మోటార్ సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు కోసి రాయి కింద పెట్టాక నేల వేరు, వీణ వేరు అయ్యాయి. చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే 50 హెర్ట్జ్ రొద పోయింది. మా ఇంట్లో ఎర్తింగ్ సంగతి ఇంకోసారి.

బళ్లారి రాఘవ పుట్టింది మా తాడిపత్రిలోనే, 1880లో. మైకులు లేని రోజుల్లో నాటకమాడిన మనిషి. చివరి వరుస దాకా గొంతు చేర్చడమే అప్పుడు విద్య. వైర్లు సర్దుకుంటూ ఆయన్ని తలుచుకున్నాను. నేను చేర్చాల్సిన చివరి వరుస ప్రొద్దుటూరులో ఒక మంచం.

అక్కడి ఏర్పాట్లు మా అక్క చూసుకుంది, అంటే పెద్దమ్మ కూతురు. వాట్సాప్ బదులు జూమ్. అందులో ఒరిజినల్ సౌండ్ అని ఒకటుంటుంది, ఆన్ చేస్తే కత్తిరింపులు ఆగుతాయి. ఫోన్ స్పీకర్‌లో 62 హెర్ట్జ్ ఎలాగూ రాదు కాబట్టి ఒక మంచి బ్లూటూత్ స్పీకర్ కొనమన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను. "అక్కా, స్పీకర్‌ను స్టూలు మీద కాదు, మంచం పట్టెకు ఆనించి కట్టు. పెద్దమ్మ ఎడమచెయ్యి వైపు." ఎందుకని అడిగింది. తొడకు వినపడాలి అని చెబితే నవ్వుతుందని, ఊరికే చెయ్యమన్నాను.

జూన్ మొదటి ఆదివారం. వాన ఇంకా రాలేదు, ఇంట్లో రాత్రి ఏడింటికి కూడా ముప్ఫై ఎనిమిది. అమ్మ స్నానం చేసి, చీర మార్చుకుని కుర్చీలో కూర్చుంది. కుడిపక్క నల్ల బండ మీద ఒంటి కాలు, దాని మీద కుదురు, కుదురు మీద కుండ. నేను హెడ్‌ఫోన్స్‌తో నేల మీద. స్క్రీన్లో పెద్దమ్మ దిండుకు ఆనుకుని ఉంది. ఎడమచెయ్యి మంచం పట్టె మీద.

అమ్మ ముందు ఒక్క అనుమంద్రం మీటి ఆగింది. అటువైపు పెద్దమ్మ ముఖంలో ఏమీ లేదు. కానీ పట్టె మీదున్న వేళ్లు బిగుసుకున్నాయి. "వస్తాందా అక్కా?" అంది అమ్మ. పెద్దమ్మ తల కూడా ఊపలేదు. వాయించు అన్నట్టు ఎడమచెయ్యి కొంచెం ఎత్తి మళ్లీ పట్టె మీద పెట్టింది.

మోహన. మూడేళ్లుగా తీగ ముట్టని వేళ్లు. మొదట్లో తడబడ్డాయి, రెండు చోట్ల జారాయి. తర్వాత ఎక్కడో కుదురుకున్నాయి. నాకు సంగీతం రాదు, అందుకని ఎలా వాయించిందో చెప్పలేను. నాయన తలుపు దగ్గర నిలబడి లోపలికి రాలేదు. అడుగుల చప్పుడు పడుతుందని భయం. పది నిమిషాలయ్యాక పెద్దమ్మ చెయ్యెత్తింది. అమ్మ ఆపింది. నెట్ పోయిందేమో అని నేను గబగబా స్క్రీన్ చూశాను.

"పాపా," అంది పెద్దమ్మ, ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ. "గాంధారం... రవ్వంత మీదికుండాది. నాలుగో మెట్టు చూడు."

అమ్మ నాలుగో మెట్టు నొక్కి మీటింది. నేను ఫోన్లో యాప్ తెరిచాను. పన్నెండు సెంట్లు ఎక్కువ. అంటే ఒక అరస్వరంలో ఎనిమిదో వంతు. తాడిపత్రి ఎండకు మైనం మళ్లీ కొంచెం జరిగింది. అంత దూరం నుంచి, మంచం పట్టె మీద చెయ్యి పెట్టుకుని ఆ మనిషి పట్టుకుంది.

"గరిటె వేడిచేసి తెచ్చేదా మా?" అని లేచాను.

"గరిటె ఎందుకు, ఈ ఉక్కకు వేలే చాలు" అని అమ్మ బొటనవేలు మెట్టుకు ఆనించి యాళి వైపు మెల్లగా తోసింది. మీటింది. మళ్లీ తోసింది.

"ఇంగొంచెం," అంది పెద్దమ్మ. "ఇంగొంచెం... ఆఁ. ఆడ నిలుపు."